బురుజు తుర్కీకి చివరి శ్రోత

మా మండలికి బతికున్న భాషలతో సంబంధం లేదు. ఈ మాట గేటు పక్క బోర్డు మీదే పెద్దక్షరాల్లో రాసి ఉంటుంది. అయినా ఎవరో ఒకరు వచ్చి, "మా గూడెం భాష పోయేట్టుంది, ఏదైనా చెయ్యండి సార్" అని బతిమాలుతూనే ఉంటారు. మేం కసురుకోం. కుర్చీ వేసి, మంచినీళ్లిచ్చి, ఆ భాష పోయాక రమ్మని చెప్పి పంపిస్తాం.

ఎర్రబురుజు ఊళ్లో ఒకప్పటి విత్తనాల గోదాములో నడిచే మా సంస్థ పూర్తి పేరు అంతరించిన భాషల వర్గీకరణ మండలి. నేను దానికి సూపరింటెండెంటును. చచ్చిపోయిన భాష ఏ కుటుంబానిదో తేల్చడం, దాని పేరూ ఇంటిపేరూ చెక్కించి ఒక రాయి నిలబెట్టడం మా పని. వర్గీకరణ తేలందే రాయి లేదు, రాయి లేందే గ్రాంటు లేదు. చైర్మన్ రాజవర్ధన్ గారు గనుల శాఖలో రిటైరై వచ్చారు. భూమిలో పూడిపోయినవన్నీ తన పరిధిలోకే వస్తాయని ఆయనకు గట్టి నమ్మకం.

మా దగ్గరున్న వాటిలో ఘనమైన తగాదా బురుజు తుర్కీది. నాలుగు వందల ఏళ్ల కిందట మధ్య ఆసియా నుంచి గుర్రాల బేరగాళ్ల వెంట కొందరు గుర్రపువాళ్లు వచ్చి మా ఊరి కోట కింద ఇళ్లు కట్టుకున్నారు. వాళ్లు మాట్లాడింది తుర్కీలో ఒక యాస. రెండు మూడు తరాల్లో వాళ్ల పిల్లలు ఉర్దూలోకీ తెలుగులోకీ మారిపోయారు. ఆ యాసలో మిగిలింది కోటగోడ మీద అరిగిపోయిన సగం వాక్యం ఒక్కటే. ఆ సగం వాక్యం ఒఘుజ్ శాఖదా, కిప్‌చాక్ శాఖదా? పేర్లు చూసి కంగారు పడకండి. తుర్కీ భాషల్లో అవి రెండు పెద్ద ఇంటిపేర్లు, అంతకు మించి నాకూ తెలియదు.

మా ఇద్దరు ఆచార్యులకు మాత్రం వేరే సంగతి తెలియదు. ఒఘుజ్ పీఠానికి ఆచార్య వైకుంఠం గారు, కిప్‌చాక్ పీఠానికి ఆచార్య సువర్చల గారు. ఏళ్ల తరబడి ఒకరి మొహం ఒకరు చూసుకోరు. ఒఘుజ్ వాళ్లు టీ తాగుతారని కిప్‌చాక్ వాళ్లు కాఫీకి మారారు. కొత్తగా చేరిన గుమాస్తా ఏ పక్షమో తెలియాలంటే అడగక్కర్లేదు, గ్లాసు వాసన చూస్తే చాలు.

ఇలా ఉండగా వైకుంఠం గారు ఊళ్లో ఒక పెళ్లికి వెళ్లారు. బరాత్ బయల్దేరింది. బ్యాండు మోగుతోంది, కుర్రాళ్లు గెంతుతున్నారు, పెళ్లికొడుకు తెల్ల గుర్రం మీద బిక్కమొహం వేసుకుని కూర్చున్నాడు. ఎదురుగా ఆటో ఒకటి దూసుకొచ్చింది. గుర్రం పట్టుకున్న మనిషి "దుర్రా" అన్నాడు. గుర్రం ఉన్నచోట ఉన్నట్టు ఆగిపోయింది. వైకుంఠం గారు చేతిలో బిరియానీ పళ్లెం పక్కన పెట్టేశారు. తుర్కీలో ఆగమనడానికి దగ్గరి మాట అది. ఆయన జీవితంలో బిరియానీ పక్కన పెట్టడం అదే మొదలని ఆయన భార్య తర్వాత చెప్పింది.

మర్నాడు ఆ మనిషిని మా కమిటీ హాల్లో నిలబెట్టారు. పేరు సిలార్ మియా. పెళ్లిళ్లకు గుర్రం తోలుకొస్తాడు. గుర్రం పేరు జిలేబి. ఆడగుర్రం, పుట్టిన దగ్గర్నుంచీ అతని చేతిలోనే పెరిగింది.

"మీరు నిన్న ఉచ్చరించిన పదం ఏ భాషకు చెందినది?" అని చైర్మన్ అడిగారు.

"భాషేంది సారూ, అది గుర్రం మాట. మా నాయన అంటుండె. ఆయన నాయన అంటుండె. ఇంకో నాలుగైదు ఉన్నయి గట్లనే. నడువుమనేది, నీళ్లు తాగుమనేది."

హాల్లో అందరి మొహాల్లో రక్తం ఇంకిపోయింది. నాలుగైదు మాటలు తెలిసిన మనిషి ఉన్నాడంటే భాష బతికున్నట్టే. బతికుంటే మాది కాదు. రోడ్డు అవతల జీవభాషల అకాడమీ ఉంది, దస్త్రం మొత్తం వాళ్లకు పోతుంది. అకాడమీ డైరెక్టరు రోజూ సాయంత్రం మా గేటు వైపు చూస్తూ వాకింగ్ చేస్తాడు.

వైకుంఠం గారు గొంతు సవరించుకున్నారు. "ఆ పదానికి అర్థం చెప్పగలరా?"

"అర్థమేముంటది సారూ? అంటే ఆగుతది."

చైర్మన్ గట్టిగా ఊపిరి పీల్చుకున్నారు. "నమోదు చేసుకోండి. ఇతడు వక్త కాడు. అర్థమెరుగక ఉచ్చరించువాడు వాహకుడు మాత్రమే. మరి అర్థం ఎరిగినవారు ఎవరు?"

"గుర్రం" అన్నారు సువర్చల గారు.

ఎవరూ నవ్వలేదు. నియమావళి తెప్పించి తిరగేశారు. మాట్లాడేవాడు ఉంటే భాష బతికున్నట్టని స్పష్టంగా ఉంది. వినేవాళ్ల గురించి ఒక్క ముక్క లేదు. అంటే మాట్లాడేవాడు లేకుండా వినేవాళ్లు మాత్రమే ఉన్న భాష నిక్షేపంగా అంతరించినట్టే. ఆ సాయంత్రమే తీర్మానం అయింది. జిలేబి బురుజు తుర్కీకి చివరి శ్రోత. వర్గీకరణ పూర్తయ్యేదాకా శ్రోత మండలి సంరక్షణలో ఉండాలి. వాహకుడు శ్రోతతో ఆ మాటలు పలకరాదు, పలికితే క్రమేణా వక్తగా మారే ప్రమాదముంది.

"అంటే నా గుర్రం నాకియ్యరా?" అన్నాడు సిలార్ మియా.

"ఇవ్వం అని ఎవరన్నారు? వర్గీకరణ తేలగానే ఇస్తాం" అన్నారు చైర్మన్. ఏళ్ల తరబడి తేలనిది ఇప్పుడు తేలుతుందని నమ్మినవాడు ఆ హాల్లో సిలార్ మియా ఒక్కడే.

శ్రోతకు సముచిత స్థాయిలో వసతి కావాలన్నారు. కిటికీ ఉన్న గది నాదొక్కటే. నా బీరువా, నా ఫ్యాను, నా కుర్చీ వరండాలోకి వచ్చాయి. తలుపు మీద నా పేరు తీసేసి 'చివరి శ్రోత' అని రాశారు. చాలా ఏళ్ల సర్వీసు తర్వాత గుర్రానికి గది ఖాళీ చేసి ఇవ్వాల్సి వచ్చిందని ఇంట్లో చెప్పుకోలేక నడుంనొప్పి అని సెలవు పెట్టాను.

సెలవు నుంచి వచ్చేసరికి ఊరంతా ఫ్లెక్సీలు. జిలేబి మెడలో బంతిపూల దండ. బడిపిల్లలు వరసలో వచ్చి శ్రోతకు నమస్కారం పెట్టి పోతున్నారు. మంత్రిగారు వచ్చి, "వినేవారే లేని ఈ కాలంలో వినే ప్రాణి మన నియోజకవర్గంలో ఉండటం గర్వకారణం" అని ముప్పావుగంట మాట్లాడారు. జిలేబి ఆసాంతం నిలబడి వింది. అంత ఓపిక ఉన్న శ్రోతను తాను చూడలేదని మంత్రిగారు వెళ్తూ వెళ్తూ మెచ్చుకున్నారు.

పరీక్షలు మొదలయ్యాయి. పొద్దున ఒఘుజ్, మధ్యాహ్నం కిప్‌చాక్. వైకుంఠం గారు ఆవరణలో జిలేబిని నడిపించి, తాను గ్రంథాల్లోంచి తీసిన ఉచ్చారణతో ఆగమని అరుస్తారు. అది ఒక్కోసారి ఆగుతుంది, ఒక్కోసారి ఆగదు. ఆగితే ఒఘుజ్ అని రాసుకుంటారు. ఆగకపోతే నిన్న మధ్యాహ్నం కిప్‌చాక్ వాళ్లు దాని చెవి పాడుచేశారని రాసుకుంటారు. మధ్యాహ్నం సువర్చల గారు వచ్చి అదే పని తన ఉచ్చారణతో చేస్తారు. ఆగితే కిప్‌చాక్. ఆగకపోతే పొద్దుటి తప్పు. ఈ పద్ధతిలో ఇద్దరూ ఒక్కసారి కూడా ఓడిపోలేదు.

ఇద్దరి అరుపులూ విని విని ఆ మూగజీవి చెవులు వెనక్కి వాల్చుకోవడం మొదలుపెట్టింది. దాని మనసుకు ఎక్కిన చప్పుడు మాత్రం ఒకటుంది. గోదాము రోజుల నాటి ఇనుప గంట మా దగ్గర ఇంకా ఉంది. టీ వేళకు దాన్ని కొడతారు. గంట మోగితే మా మండలిలో వాక్యం మధ్యలో ఉన్నవాళ్లు కూడా వాక్యం వదిలేసి లేస్తారు. క్యాంటీన్‌కు పోతూ పోతూ ప్రతివాడూ జిలేబికి ఒక బిస్కెట్టు పెట్టేవాడు. కొన్నాళ్లకు గంట మోగితే అది ఎత్తిన కాలు కూడా దించకుండా నిలబడేది.

సిలార్ మియా రోజూ వచ్చేవాడు. చేతిలో నానబెట్టిన శనగలు, బెల్లం ముక్క. నా సమక్షంలో, తెలుగులో మాత్రమే మాట్లాడాలన్న షరతు మీద లోపలికి రానిచ్చేవాళ్లం. వచ్చి దాని ముందు నిలబడి, "తిన్నవా జిలేబీ? మంచిగున్నవా?" అని అడిగేవాడు. జిలేబి శనగలు తిని మొహం తిప్పుకునేది.

"తెలుగుల మాట్లాడితే పరాయోన్ని చూసినట్టు చూస్తున్నది సారూ" అన్నాడు ఒకరోజు. "పుట్టిన కాడ్నించి దానితోని తెలుగుల మాట్లాడలే. ఒక్కసారి, ఒకటే మాట, చెవుల అంటా. ఎవలకు ఇనరాదు."

"నా చేతుల్లో లేదు మియా" అన్నాను. అది నిజమే. కానీ ఆ మాట అన్నాక ఆ పూట భోజనం రుచించలేదు.

"పెండ్లిళ్లు శురువైనయి. కిరాయికి ఇంకో గుర్రం తెచ్చిన, అది నా మాట ఇంటలేదు. మొన్న పెండ్లికొడుకును తీస్కపోయి చెరుకురసం బండి కాడ నిలవెట్టింది. పోనీ పైసలకేముంది సారూ. నా గుర్రం నన్ను మరిచిపోతదని భయమైతున్నది."

నెలలు గడిచేకొద్దీ జిలేబి ఒళ్లు చేసింది. మంచి నిర్వహణ అని చైర్మన్ మురిసిపోయారు. సంవత్సర నివేదికకు దాని పొట్ట పక్కన నిలబడి ఫొటో దిగారు. సిలార్ మియాయే ఒకరోజు నసుగుతూ చెప్పాడు. "సారూ, అది మీ గడ్డి కాదు. కడుపుతోని ఉన్నది. మీరు తీస్కచ్చేటప్పటికే ఉండె. చెప్తే ఎక్కడ పిల్లను గూడ రాసుకుంటరోనని చెప్పలే."

నేను చైర్మన్‌కు చెప్పాను. ఆయన ఫొటో పక్కన పెట్టి అత్యవసర సమావేశం పిలిచారు.

"గర్భస్థ శిశువుకు వినికిడి ఉంటుందా?" అన్నది చర్చాంశం.

"ఉంటుంది" అన్నారు సువర్చల గారు.

"నిస్సందేహంగా" అన్నారు వైకుంఠం గారు. ఇద్దరూ ఒక విషయం మీద ఏకీభవించడం చూసి స్టెనో పెన్సిలు జారవిడిచాడు.

చైర్మన్ లేచి నిలబడ్డారు. "పరిస్థితి తీవ్రతను గమనించండి. ఒక శ్రోత ఉన్నంతకాలం అది అవశేషం. ఇద్దరు శ్రోతలుంటే అది సమాజం. మూడో తరానికి అందిందా, అది సంప్రదాయం. సమాజమూ సంప్రదాయమూ ఉన్న భాష అంతరించిన భాష కాజాలదు. రోడ్డు అవతలి వారు ఇప్పటికే మన గేటు దగ్గర స్వీట్లు పంచుతున్నారని నాకు సమాచారం ఉంది."

నిజమే, నేనూ ఒక లడ్డూ తిన్నాను.

ఈనకముందే వర్గీకరణ తేల్చి, రాయి పాతి, గుర్రాన్ని పంపించెయ్యాలని నిర్ణయమైంది. కోటగుమ్మం ముందు బహిరంగ పరీక్ష పెట్టారు. శ్రోత గుమ్మం నుంచి మండలి దాకా నడవాలి. దారిలో మొదట వైకుంఠం గారు పిలుస్తారు, తర్వాత సువర్చల గారు. ఎవరి మాటకు ఆగితే రాయి మీద వారి శాఖ. ఎవరి మాటకూ ఆగకపోతే వాహకుడికి ఒక్క నిమిషం మినహాయింపు ఇచ్చి పలికిస్తారు. ఆ మినహాయింపు కాగితం సిలార్ మియా చేతికిచ్చినప్పుడు అతను దాన్ని కళ్లకద్దుకున్నాడు. ఆ రోజు కొత్త లాల్చీ వేసుకొచ్చాడు. అత్తరు కూడా రాసుకున్నాడు, జిలేబికి ఆ వాసన తెలుసట.

జనం కోటగోడ మీదకు కూడా ఎక్కారు. జిలేబి బరువుగా, నెమ్మదిగా నడిచివచ్చింది. వైకుంఠం గారు అరిచారు. అది ఆగలేదు. సువర్చల గారు అంతకంటే గట్టిగా అరిచారు. ఆగలేదు. ఇద్దరూ దానికి అటూ ఇటూ నడుస్తూ చెరో చెవిలో అరిచారు. అది మధ్యలో తల ఊపుకుంటూ పోయింది.

చైర్మన్ చెయ్యి ఊపారు. సిలార్ మియా దారి పక్కన నిలబడ్డాడు. ఇన్ని నెలలు నోట్లో అదిమిపెట్టుకున్న మాట మెల్లగా, ముద్దుగా అన్నాడు.

"దుర్రా."

జిలేబి నడుస్తూనే ఉంది.

"దుర్రా, బేటా. జిలేబీ, దుర్రా."

అది అతని పక్కనుంచే పోయింది. చెవి కూడా తిప్పలేదు. అతను చాచిన చెయ్యి అలాగే గాలిలో ఉండిపోయింది. అటు చూడలేక చెప్పులు చూసుకుంటూ నిలబడ్డాను.

అప్పుడే మండలిలో టీ గంట మోగింది. జిలేబి ఠక్కున ఆగింది. దాంతోపాటే వేదిక మీదున్న మా సిబ్బంది అంతా లేచి నిలబడ్డారు.

చైర్మన్ మైకు అందుకున్నారు. "మిత్రులారా! మనం చారిత్రక ఘట్టాన్ని వీక్షించాం. ఇంతవరకూ ఈ భాషకు వక్త మాత్రమే లేడు. నేటితో శ్రోత కూడా లేదు. ఇంత సంపూర్ణంగా, ఇంత నిర్దుష్టంగా అంతరించిన భాష దేశంలో మరొకటి లేదని సవినయంగా ప్రకటిస్తున్నాను!"

చప్పట్లు కోటగోడకు తగిలి మారుమోగాయి. తమను కాదనగల ప్రాణి భూమ్మీద ఇక లేదని ఆచార్యులిద్దరికీ ఒకేసారి అర్థమైంది. కరచాలనం చేసుకున్నారు. రాయి మీద రెండు శాఖల పేర్లూ చెక్కడానికి ఒప్పుకున్నారు. ఆ సాయంత్రం క్యాంటీన్‌లో సువర్చల గారు టీ తాగారు.

జిలేబిని 'అవసరం తీరిన సామగ్రి' కింద సిలార్ మియాకు అప్పగించారు. శాలువా కూడా కప్పారు. ఒక హామీపత్రం మీద వేలిముద్ర తీసుకున్నారు. భాష అంతరించింది గనుక అతను ఆ మాటల్ని ఏ జంతువుతోనూ పలకకూడదు. ఏ జంతువైనా ఆ మాటలు విన్నట్టు తేలితే, దాన్ని పరీక్ష నిమిత్తం మండలి స్వాధీనం చేసుకుంటుంది. చదివి వినిపించింది నేనే. అతను తాడు పట్టుకుని గుర్రాన్ని నడిపించుకుపోయాడు.

నా గది నాకొచ్చింది. ఎంత కడిగించినా వాసన పోలేదు. అతన్ని పెళ్లిళ్లలో అప్పుడప్పుడూ చూసేవాణ్ని. ఒక చేత్తో కళ్లెం, ఇంకో చేతిలో చిన్న ఇత్తడి గంట. గుర్రం ఆగాలంటే గంట కొట్టేవాడు. జనం అదేదో కొత్త ఫ్యాషన్ అనుకుని మెచ్చుకునేవారు.

వర్షాలు పోయాక ఒక ఆదివారం కోట వెనక బజారుకు వెళ్తూ అతని ఇంటి ముందు నుంచి నడిచాను. గుమ్మంలో జిలేబి గడ్డి మేస్తోంది. పక్కన తెల్ల మచ్చల పిల్ల ఒకటి, పొడుగు కాళ్లు వేసుకుని గోడకూ తల్లికీ మధ్య గెంతుతోంది. బూందీ అని పేరు పెట్టారట. సిలార్ మియా నన్ను చూసి నవ్వి, చాయ్ తాగి పొమ్మన్నాడు, తెమ్మని లోపలికి కేకేశాడు.

ఇంతలో ఎవరో పిల్లలు టపాకాయ పేల్చారు. బూందీ బెదిరి ఒక్క దూకులో వీధి దాటి రోడ్డు వైపు పరుగెత్తింది. అవతల నుంచి ఇసుక లారీ వస్తోంది. నేను ఆగమని కేకేశాను. అది నా తెలుగు కేకను లెక్కచెయ్యలేదు.

"దుర్రా!"

బూందీ రోడ్డు అంచున ఆగిపోయింది. నాలుగు కాళ్లూ నేలకు అతుక్కున్నట్టు నిలబడి, వెనక్కి తిరిగి సిలార్ మియాను చూసింది. లారీ దాని ముందునుంచి దుమ్ము లేపుకుంటూ పోయింది.

అతను పరుగున వెళ్లి దాని మెడ కావలించుకున్నాడు. అలాగే కాసేపు ఉండిపోయాడు. తర్వాత నేను అక్కడే ఉన్నానని గుర్తొచ్చినట్టుంది, తల ఎత్తాడు. మొహం పాలిపోయింది. పిల్లను మెల్లగా తన వెనక్కి నెట్టుకున్నాడు.

"సారూ" అన్నాడు. "ఆఫీసుల చెప్తరా?"

ఎవరో స్టీలు గ్లాసులో చాయ్ తెచ్చి నా చేతికిచ్చారు. వేడిగా ఉంది. బూందీ అతని చంక కింద నుంచి మొహం పెట్టి నన్నే చూస్తోంది, రెండు చెవులూ నిక్కబొడుచుకుని.

"ఏం చెప్పాలి మియా?" అన్నాను. "మా మండలికి బతికున్న భాషలతో సంబంధం లేదు."